పూలు చల్లే ముందు: నాట్య కచేరీలో మొదటి ఎనిమిది నిమిషాలు

ధనుర్మాసం వచ్చిందంటే చెన్నైలో మైలాపూరు నుంచి టి.నగర్ దాకా సభలన్నీ గజ్జెల చప్పుడుతో నిండిపోతాయి. ఒకే వేదిక మీద ఒకరి తర్వాత ఒకరు ఆడతారు. ఎవరు ఆడినా, ఏ బాణీ అయినా, మొదట ఒక దైవస్తుతి ఉంటుంది. భరతనాట్యమైతే పుష్పాంజలో కౌత్వమో మల్లారో, కూచిపూడి అయితే రంగపూజో అంబా పరాకో. అప్పటికి సగంమంది ప్రేక్షకులు ఇంకా కుర్చీలు వెతుక్కుంటూనే ఉంటారు. అందుకని ఆ కాసేపు ఎలా గడిచినా ఫరవాలేదన్న అభిప్రాయం నేర్పేవాళ్లలో కూడా కొందరికి ఉంది. సాధనలో కచేరీకి ప్రధానాంశమైన వర్ణానికి ఆరు నెలలు, ప్రార్థనకు ఆఖరి వారం!

నిజానికి తర్వాతి గంటన్నరకు కావలసిన నాలుగు విషయాలు ఆ ఏడెనిమిది నిమిషాల్లోనే కుదరాలి. గాయని శ్రుతి, నట్టువనారు (తాళాలు పట్టి నాట్యాన్ని నడిపేవారు) పట్టే కాలప్రమాణం (లయ వేగం), నర్తకి కాలికి వేదిక కొలత, చూసేవారి చూపు. ఇవి కుదిరిన ప్రార్థనలో భక్తి దానంతటదే కనిపిస్తుంది. ఇవి కుదరకపోతే కళ్లు అరమోడ్చినా, ముఖం ఎంత ఆర్ద్రంగా పెట్టినా అది రంగు వేసుకున్నట్టే ఉంటుంది.

శ్రుతి సరిచేసుకోవడమూ పూజే

భరతుడి నాట్యశాస్త్రం ఐదో అధ్యాయం పూర్వరంగాన్ని (అసలు ప్రదర్శనకు ముందు జరిగే క్రమాన్ని) 19 అంగాలుగా విభజించింది. వాటిలో తొమ్మిది తెర వెనక జరిగేవి, పది తెర తీశాక జరిగేవి. తెర వెనక తొమ్మిదింటిలో ఏముందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ప్రత్యాహారం అంటే వాద్యాలను అమర్చుకోవడం. అవతరణం అంటే గాయకులు తమ చోట్లలో కూర్చోవడం. ఆరంభం అంటే గొంతు సవరించుకునే ఆలాపన. పరిఘట్టన అంటే తంతులను సరిచూసుకోవడం, సంఘోటన అంటే తాళవాద్యాల మీద చేతి దెబ్బలను సరిచూసుకోవడం. ఈనాటి మాటలో చెప్పాలంటే ఇదంతా సౌండ్ చెక్. శాస్త్రకారుడు దాన్ని పూజకు ముందు చేసే పనిగా కాక, పూజలోనే మొదటి భాగంగా లెక్కపెట్టాడు. తెర తీశాక వచ్చే నాందికి కూడా కొలత ఉంది: ఎనిమిది పదాలో, పన్నెండు పదాలో.

అదే అధ్యాయంలో ఒక హెచ్చరిక ఉంది. పూర్వరంగంలో గీతం, వాద్యం, నృత్తం మితిమీరితే చేసేవాళ్లూ అలసిపోతారు, చూసేవాళ్లూ అలసిపోతారు, అలసినవారికి రసభావాలు స్పష్టంగా అందవు అని. ఈ ఒక్క మాటను పట్టుకుంటే సీజన్ కచేరీల్లో సగం చిక్కులు తీరతాయి. గణపతి శ్లోకం, దాని వెంట గురుశ్లోకం, ఆపైన పుష్పాంజలి, ఆపైన కౌత్వం, ఆ తర్వాత అలరిప్పు అని పేర్చుకుంటూ పోతే ఇరవై నిమిషాలు దాటుతుంది. వర్ణం మూడో కాలం తీర్మానానికి (వేగమైన ముక్తాయింపుకు) వచ్చేసరికి నర్తకికి పిక్కలు పట్టేస్తాయి. ప్రేక్షకుడు అప్పటికే నలుగురు దేవుళ్లకు నలుగురు వేర్వేరు మనుషుల్లా దండం పెట్టి వచ్చి ఉంటాడు.

నందికేశ్వరుని అభినయదర్పణం పుష్పాంజలి ఎందుకు చేయాలో ఏడు కారణాలు చెబుతుంది: విఘ్నాలు తొలగడానికి, ప్రాణుల రక్షణకు, దేవతల తుష్టికి, ప్రేక్షకుల విభూతికి, నాయకుడి శ్రేయస్సుకు, పాత్ర రక్షణకు, ఆచార్యుని శిక్ష సిద్ధించడానికి. పాత్ర అంటే ఇక్కడ నర్తకి. ఈ ఏడింటిలో దేవతలను సంతోషపెట్టడం ఒక్కటే. చూడటానికి వచ్చినవాళ్లు, ఖర్చు పెట్టినవాళ్లు, ఆడే మనిషి, నేర్పిన మనిషి అందరూ ఆ దోసిట్లోనే ఉన్నారు. కాబట్టి పుష్పాంజలిలో సభకు చేసే వందనం మర్యాదకోసం చివర్లో తగిలించిన ముక్క కాదు. శ్లోకం చెప్పిన పనిలో అదీ ఒక భాగం. దాన్ని హడావిడిగా ఒక్క ఊపులో ముగించి లోపలికి పరుగెత్తడం చాలా కచేరీల్లో కనిపించే లోపం.

అలరిప్పు ఉండగా పుష్పాంజలి ఎందుకు?

ఈ ప్రశ్న అడగదగిందే. తంజావూరు సోదరులు నలుగురు (చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు) పందొమ్మిదో శతాబ్దంలో కూర్చిన మార్గం (భరతనాట్య కచేరీ అంశాల వరుస) అలరిప్పుతో మొదలవుతుంది. తర్వాత జతిస్వరం, శబ్దం, వర్ణం, పదాలు, జావళీలు, తిల్లానా. అందులో పుష్పాంజలికి వేరే చోటు లేదు. అలరు అంటే పువ్వు. అలరడం అంటే విరియడం. తెలుగువాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. తమిళంలోనూ అదే ధాతువు, అదే అర్థం. పుష్పాంజలిలో పువ్వు చేతిలో ఉంటే, అలరిప్పులో ఒళ్లే పువ్వు. మొదట కళ్లు, మెడ, ఆపైన భుజాలు, చేతులు, అరమండి (మోకాళ్లు పక్కలకు తెరిచి సగం దిగడం), ముళుమండి (పూర్తిగా కిందికి దిగడం), మళ్లీ పైకి, ఇలా ఒక్కొక్క రేకే విప్పుకుంటుంది. దానికి రాగం లేదు, సాహిత్యం లేదు. శొల్లుకట్టు (నోటితో పలికే లయ అక్షరాలు), మృదంగం, తాళం. అంతే. ఈ మధ్య కొందరు తిరుప్పుగళ్ అనే తమిళ స్తుతుల సాహిత్యాన్ని దానికి జోడిస్తున్నారు. ఆ ఛందస్సు లయకు చక్కగా అమరుతుంది కాబట్టి చెడ్డగా ఉండదు గాని, మాట వచ్చి చేరాక ఒంటి మీది చూపు మాట మీదికి మళ్లుతుంది.

ప్రసిద్ధ భరతనాట్య నర్తకి బాలసరస్వతి 1975లో చెన్నై తమిళ ఇసై సంఘంలో మాట్లాడుతూ మార్గాన్ని గుడితో పోల్చారు: అలరిప్పు గోపురం, జతిస్వరం అర్ధమండపం, శబ్దం మండపం, వర్ణం గర్భాలయ ప్రాంగణం. గోపురానికి ముందు ఇంకో గోపురం కట్టాలా అన్నదే ఇక్కడి ప్రశ్న. ఒక సమాధానం ఏమిటంటే, గుడిలో ఆడినప్పుడు మూర్తి అక్కడే ఉంది, ఆస్థానంలో ఆడినప్పుడు రాజు ఎదురుగా ఉన్నాడు. సభావేదిక మీద ఈ రెండూ లేవు. అక్కడ దైవసాన్నిధ్యాన్ని కొత్తగా కల్పించుకోవాలి. అందుకే విగ్రహం, దీపం, పుష్పాంజలి వేదిక మీదికి వచ్చాయి. ఈ సమాధానంలో బలం ఉంది. అయితే రెండూ పెట్టుకునేవాళ్లు రెండింటినీ చిన్నవిగా ఉంచుకోవాలి: మూడు నిమిషాల పుష్పాంజలి, నాలుగు నిమిషాల అలరిప్పు. పుష్పాంజలి ఆది తాళమైతే అలరిప్పు తిశ్రమో ఖండమో తీసుకుంటే లయకు మార్పు వస్తుంది. అలరిప్పు ఐదు జాతుల్లో (తిశ్రం 3, చతురశ్రం 4, ఖండం 5, మిశ్రం 7, సంకీర్ణం 9) ఏదైనా కావచ్చు. కొత్తగా వేదిక ఎక్కే పిల్లలకు మిశ్రం, సంకీర్ణం మీద మోజు పడటం కంటే తిశ్రాన్ని చెక్కుచెదరకుండా చేయడం మేలు. తిశ్రంలో దాక్కోవడానికి చోటుండదు, ఎక్కడ అక్షరం జారినా వెంటనే తెలిసిపోతుంది.

గుడిలో పాడే వాటిలో కౌత్వాలున్నాయి. గణపతి, సుబ్రహ్మణ్యుడు, జ్ఞానసంబంధర్, నటరాజు, చండికేశ్వరుల మీద పంచమూర్తి కౌత్వాలు, మధ్యలో బ్రహ్మ, చుట్టూ ఎనిమిది దిక్పాలకుల మీద నవసంధి కౌత్వాలు. వాటిలో జతి (లయ అక్షరాల వరుస), సాహిత్యం పెనవేసుకుని నడుస్తాయి. ఒక్కటి చాలు. ఐదూ వరుసగా చేస్తే అది ప్రార్థనగా కాక స్వతంత్ర ప్రదర్శన అవుతుంది.

దండం పెట్టడానికీ కొలత ఉంది

అడవు (నాట్యంలో ప్రాథమికమైన అడుగు) మొదలుపెట్టే ముందు భూమికి నమస్కరించడం ప్రతి పిల్లా మొదటి రోజే నేర్చుకుంటుంది. మొదటి రోజు నేర్చుకున్నది కాబట్టే తర్వాత ఎవరూ దిద్దరు. బాణీని బట్టి చేతుల నడక మారినా క్రమం ఒక్కటే. సమపాదంలో నిలబడి, కుడి, ఎడమ పాదాలు ఒక్కొక్కసారి తట్టి, చేతులు ఛాతీ దగ్గర నుంచి విప్పి, ముళుమండిలోకి దిగి, అరచేతులతో నేలను తాకి, కళ్లకద్దుకుని, లేచి, అంజలి. తప్పు జరిగే చోట్లు రెండు. దిగేటప్పుడు నడుము ముందుకు వంగి, పిరుదులు వెనక్కి వెళతాయి. వెన్ను నిటారుగా, మోకాళ్లు పక్కలకు తెరుచుకుని, బరువు మునివేళ్ల మీద ఉండాలి. లేచేటప్పుడు చేతిని తొడ మీద ఆనించి లేవడం రెండోది. ఇది తొడ కండరంలో బలం చాలకపోవడం వల్ల వస్తుంది గాని, భక్తి చాలకపోవడం వల్ల కాదు. రోజూ పది ముళుమండి దిగుళ్లు నిదానంగా, నాలుగు లెక్కల్లో దిగి నాలుగు లెక్కల్లో లేస్తూ చేయిస్తే కొన్ని వారాల్లో తేడా కనిపిస్తుంది. మోకాలు నొప్పి ఉన్న పిల్లల చేత మాత్రం చేయించకూడదు. వాళ్లు అరమండి నుంచే వంగి నేలను తాకినా నమస్కారం నమస్కారమే.

లేచాక చేసే అంజలికి అభినయదర్పణం మూడు చోట్లు చెప్పింది: దేవతలకు తల మీద, గురువులకు ముఖం ఎదుట, విప్రులకు ఛాతీ దగ్గర. నేటి వాడుకలో మూడోది సభకు చెల్లుతోంది. ఒడిస్సీలో దీన్నే త్రిఖండి ప్రణామం అంటారు. మూడు నమస్కారాలకూ చూపు వేరు. తల మీద అంజలికి చూపు పైకి, ముఖం ఎదుట అంజలికి తిన్నగా, ఛాతీ దగ్గర అంజలికి ఎదురుగా ఉన్న మనుషుల మీదికి. చేతులు మూడు చోట్లకూ వెళ్లి, కళ్లు మాత్రం మొదటి వరుసలోని ఒకే ముఖం మీద ఉండిపోతే మూడు నమస్కారాలూ ఒక్కరికే పెట్టినట్టు. చెయ్యి ఎక్కడికి వెళితే చూపు అక్కడికి, చూపు ఎక్కడికి వెళితే మనసు అక్కడికి అన్న శ్లోకాన్ని పిల్లల చేత వల్లె వేయించే ముందు ఈ మూడు దండాల్లో అది జరుగుతోందో లేదో చూడాలి.

పూలు సమర్పించే హస్తం (చేతి ముద్ర) అంజలి కాదు, పుష్పపుటం. రెండు సర్పశీర్షాలు పక్కపక్కన చేరి దోసిలి అవుతుంది. చిటికెన వేళ్ల వైపు అంచులు కలవాలి, వేళ్లు కొద్దిగా వంగాలి. వేళ్ల మధ్య సందులుంటే దోసిట్లోని పూలు కిందికి రాలిపోయినట్టే కదా! వినాయకుడి హస్తం కూడా చాలామంది తొండం ఊపడంగానే నేర్చుకుంటారు. అభినయదర్పణంలోని దేవహస్తం రెండు కపిత్థాలు ఛాతీ దగ్గర ఉంచడం. తొండం చూపించవచ్చు, తప్పు లేదు. కాని ఒక్కసారైనా ఈ నిశ్చలమైన హస్తం నిలిచితే దేవుడు వచ్చి కూర్చున్నట్టుంటుంది.

‘యస్య’ దగ్గర జారే అర్థం

‘ఆంగికం భువనం యస్య వాచికం సర్వవాఙ్మయం, ఆహార్యం చంద్రతారాది తం నుమః సాత్త్వికం శివం.’ అభినయదర్పణంలోని ఈ ధ్యానశ్లోకం లేని నాట్యపాఠశాల చెన్నైలో దొరకడం కష్టం. ఎవరికి భువనమంతా ఆంగికమో (శరీరమో), సమస్త వాఙ్మయం వాచికమో (పలుకో), చంద్రుడు, తారలు ఆహార్యమో (అలంకారమో), సాత్త్వికమే తానైన ఆ శివుడికి నమస్కారం.

దీనికి మామూలుగా పట్టించే అభినయం ఇలా ఉంటుంది: ‘ఆంగికం’ అనగానే తన ఒంటిని చూపించడం, ‘వాచికం’ అనగానే తన పెదవుల దగ్గర నుంచి చెయ్యి తీయడం, ‘ఆహార్యం’ అనగానే తన చెవి కమ్మలు, హారం చూపించడం. మాటకు మాట సరిపోయింది గాని, వాక్యం తలకిందులైంది. ఆంగికం నర్తకిది కాదు, ఆయనది. ‘యస్య’ అన్న ఒక్క మాట మూడు వాక్యాలనూ మోస్తోంది. ఎవరికి, ఎవరికి, ఎవరికి అని మూడుసార్లు మనసు వెతికాక ‘తం’ దగ్గర ఆయన దొరుకుతాడు. కాబట్టి తన నగలు చూపించి ఊరుకోకుండా, నగ దగ్గర మొదలైన చెయ్యి చంద్రుడి దాకా సాగాలి. ఒంటి దగ్గర మొదలైన పతాక హస్తం దిగంతాల దాకా పరుచుకోవాలి. చిన్నదాని నుంచి పెద్దదానికి వెళ్లే ఆ కదలికలోనే శ్లోకం ఉంది.

దీనివల్ల ఇంకో నియమం వస్తుంది. నటరాజ భంగిమను శ్లోకం మొదట్లోనే పెట్టేయకూడదు. కొందరు ‘ఆంగికం’కే కాలెత్తి నిలబడతారు. అప్పుడు మిగతా శ్లోకంలో చెప్పడానికేమీ మిగలదు. శివహస్తం (ఎడమ మృగశీర్షం, కుడి త్రిపతాకం) ‘శివం’ దాకా ఆగాలి. గాయని కూడా ‘యస్య’ దగ్గర ముగింపు సంగతి వేయకుండా గొంతును పైనే నిలిపి ఉంచాలి. షడ్జానికి దిగడం ఆఖరి మాట దగ్గరే. రాగం ఏదైనా ఇది వర్తిస్తుంది.

శ్లోకానికి తాళం లేదు. అందుకే రికార్డింగ్ మీద ఆడేవాళ్లకు ఇక్కడే ఊపిరి తప్పుతుంది. గాయని ఎదురుగా ఉంటే నర్తకి చెయ్యి చంద్రుడి దగ్గర ఒక క్షణం నిలిచినప్పుడు ఆమె గమకాన్ని ఒక క్షణం సాగదీస్తుంది. రికార్డు ఆగదు. రికార్డింగ్ తప్పదనుకుంటే శ్లోకాన్ని పాదానికి పాదంగా నాలుగు ముక్కలు చేసి, మధ్యలో తంబురా శ్రుతి మాత్రం మూడు, నాలుగు సెకన్లు ఉండేలా చేయించుకోవాలి. ఆ మౌనమే తప్పించుకునే దారి.

ఉచ్చారణ మాట కూడా చెప్పుకోవాలి. చెన్నైలో పాడేవాళ్లలో ఎక్కువమంది సంస్కృతాన్ని, తెలుగును తమిళ లిపిలో రాసుకుంటారు. అందులో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరం. అందుకే సంగీత పుస్తకాల్లో అక్షరం పక్కన 1, 2, 3, 4 అంకెలు వేస్తారు. హడావిడిగా రాసుకున్న కాగితంలో ఆ అంకెలు ఎగిరిపోతే భువనం పువనం అవుతుంది. అరంగేట్రం పెట్టుకున్న తెలుగు ఇంటివాళ్లు ఒక పూట గాయని పక్కన కూర్చుని సాహిత్యం చదివి వినిపిస్తే, అంకెలు వేయిస్తే ఆమె సంతోషంగానే దిద్దుకుంటుంది. మనవాళ్లూ తక్కువ తినలేదు. విసర్గను మింగేసి ‘నుమ’ అనడం మన అలవాటు.

అక్షరాల లెక్క

పుష్పాంజలికి నాట, గంభీరనాట, ఆరభి, హంసధ్వని ఎక్కువగా వాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాలను ఘనరాగాలంటారు. తానానికి, గంభీరమైన ఆరంభానికి అవి అలవాటైన దారి. గంభీరనాటలో ఉన్నవి ఐదే స్వరాలు: స గ మ ప ని. రిషభ ధైవతాలు లేకపోవడంతో స్వరాల మధ్య దూకుళ్లు పెద్దవి, అందుకే నాదస్వరంలో అంత దూరానికీ వినిపిస్తుంది. ఉత్సవమూర్తి బయలుదేరేటప్పుడు వాయించే మల్లారి ఆ రాగంలో ఉంటుంది. మైలాపూరు కపాలీశ్వరస్వామి పంగుని ఉత్సవాల్లో వీధిలో నిలబడి వింటే, వేదిక మీద మల్లారి ఎంత నిదానంగా నడవాలో తెలుస్తుంది. పల్లకీ మోసేవాళ్ల అడుగు దాని కాలప్రమాణం. దాన్ని ఉరకలు పెట్టిస్తే పల్లకీ ఎవరు మోస్తారు?

మల్లారికి మూడు కాలాలు (వేగాలు). మొదటి కాలంలో రెండు ఆవర్తనాలు (తాళపు చుట్లు) పట్టే పల్లవి రెండో కాలంలో ఒకటి, మూడో కాలంలో సగం పడుతుంది. మూడు కాలాలకూ సమాన నిడివి రావాలంటే ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు వాయించాలి. నర్తకి మొదటి కాలంలోనే అరమండి లోతుగా దిగితే మూడో కాలంలో కాళ్లు పైకి తేలుతాయి. ముందే కొంచెం దాచుకుందామని అరమండి పైపైన పెట్టడం ఇంకా పెద్ద తప్పు. మందు ఒక్కటే, మూడో కాలం అడవులను విడిగా సాధన చేయడం.

నిడివి లెక్క సులభం. ఆది తాళం ఎనిమిది దెబ్బలు. నిమిషానికి 60 దెబ్బల నడకలో ఒక ఆవర్తనం 8 సెకన్లు. మూడు నిమిషాల పుష్పాంజలికి 22 ఆవర్తనాలు చాలు. ప్రవేశానికి 4, పరిక్రమానికి (వేదిక చుట్టి రావడానికి) 4, దిక్కుల వందనానికి 4, పూల సమర్పణకు 4, గురువుకూ సభకూ 2, తీర్మానానికి 4 అని పంచుకోవచ్చు. నాట్యశాస్త్రం నాలుగో అధ్యాయం చెప్పే వరుస మాత్రం వేరు: దోసిట పూలతో ప్రవేశం, పూలు చల్లడం, రంగపీఠాన్ని చుట్టి రావడం, దేవతలకు ప్రణామం, తర్వాతే అభినయం. ఆ వరుసే పాటిస్తే ఒక లాభం ఉంది. పూలు మొదట్లోనే వదిలేస్తే ఆ తర్వాత చేతులు ఖాళీ అవుతాయి, పరిక్రమంలో కాళ్లు వేదిక వెడల్పును కొలుచుకుంటాయి. సాధన గదిలో ఎనిమిది అడుగుల్లో పూర్తయ్యే చుట్టు సభావేదిక మీద అలాగే వేస్తే నర్తకి నడిమధ్యనే తిరుగుతున్నట్టుంటుంది. అడుగుల సంఖ్య మార్చకుండా అడుగు పొడవు పెంచాలి.

తీర్మానం ఎక్కడ తప్పుతుందో ఒక ఉదాహరణ. ఆది తాళం ఆవర్తనానికి, దెబ్బకు నాలుగు చొప్పున, 32 అక్షరాలు. ‘త ధి గి ణ తోం’ అయిదు అక్షరాలు. మూడుసార్లు చెప్పి, మధ్యలో రెండేసి అక్షరాల కార్వై (విరామం) ఇస్తే 5+2+5+2+5, మొత్తం 19. అంటే సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) నుంచి 13 అక్షరాలు వదిలి, నాలుగో దెబ్బలో రెండో అక్షరం దగ్గర ఎత్తుకోవాలి. అప్పుడు 32 నిండి, తర్వాతి సమానికి పాదం పడుతుంది. వేదిక మీద తొందరలో కార్వైలు ఒక్కో అక్షరం తగ్గుతాయి. రెండు కార్వైలకు రెండు అక్షరాలు, అంటే అర దెబ్బ ముందే నర్తకి నిలబడిపోతుంది, మృదంగం తర్వాత వచ్చి చేరుతుంది. చూసేవారికి తప్పు ఎవరిదో తెలియదు గాని, ఏదో అతకలేదని తెలుస్తుంది. కార్వైలో ఊరుకోకుండా ‘త క’ అని మనసులో అనుకోవడం నేర్పితే ఇది పోతుంది.

కాలప్రమాణం ఒకసారి 72కో 76కో ఎగబాకితే మళ్లీ దించడం కష్టం. నట్టువనారు మొదటి తాళం వేసే ముందు వర్ణంలోని త్రికాల తీర్మానం మూడో కాలాన్ని మనసులో ఒకసారి అనుకోవాలి. అది నోటికి అందే వేగమే ఆ రోజుకు సరైన వేగం.

కూచిపూడిలో తెర, ముగ్గు, పరాకు

కూచిపూడి భాగవతుల పూర్వరంగంలో పని పంచుకునేవాళ్లు ఉండేవారు. ఒకరు నీళ్లు చల్లుతారు, ఒకరు ముగ్గు వేస్తారు, మరొకరు ధూపదీపాలు తెస్తారు, ఇంకొకరు ఇంద్రధ్వజమైన జర్జరాన్ని పట్టుకొస్తారు. తంజావూరు జిల్లా మెలట్టూరులో ఇప్పటికీ తెలుగులోనే ఆడే భాగవత మేళంలో కోణంగి (హాస్యగాడు) వచ్చాక తోడయమంగళం (ఆరంభ మంగళగీతం), ఆపైన వినాయకుడి ముఖం కట్టుకున్న పిల్లవాడి ప్రవేశం ఉంటాయి. వెంపటి చినసత్యం 1963లో చెన్నైలో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించాక ఈ నాట్యం నగరంలోని సభావేదికలకు తగ్గట్టు తీర్చిదిద్దుకుంది. ఏకపాత్ర కచేరీలో ఈ పనులన్నీ ఒక్క నర్తకే చేయాలి.

అక్కడొక చిక్కు. నీళ్లు చల్లినట్టు, ముగ్గు వేసినట్టు, దీపం పెట్టినట్టు అభినయిస్తుంది. మరుక్షణం అడవు ఎత్తుకుని ఆ ముగ్గునే తొక్కుతుంది, ఆ దీపంలోంచే నడిచిపోతుంది. అభినయించిన వస్తువుకూ చోటు ఉంటుంది. ముగ్గు వేదిక నడిమధ్య కాక ముందు అంచున, దీపం విగ్రహం వైపు పక్కన పెట్టుకుంటే తర్వాతి నృత్తానికి దారి ఖాళీగా ఉంటుంది. ఇంత చిన్న దిద్దుబాటుతో పూజ నిజమనిపిస్తుంది.

‘అంబా పరాకు’లోని పరాకు మాట కూడా పొరపాటుకు దారి తీస్తుంది. ఇప్పుడు మన వాడుకలో పరాకు అంటే ఏమరుపాటు. ఆస్థానంలో బహుపరాక్ అని కేక వేస్తే దానికి ‘చిత్తగించండి’ అని అర్థం. అమ్మా, ఇటు చిత్తగించు అని పిలవడం అది. కాబట్టి ఆ మాటకు దీనంగా వేడుకునే ముఖం కంటే, గుమ్మంలో నిలబడి గొంతెత్తి పిలిచే చనువు తగినది. భరతనాట్య మార్గంలోని తెలుగు శబ్దాలు కూడా వందనాలే. పాత శబ్దాలు ‘సలామురే’ అని ముగుస్తాయి, కొన్ని బాణీలు దాని చోట ‘నమోస్తుతే’ అంటాయి. రాజుకు పెట్టిన సలామును మార్చాలా వద్దా అన్నది వేరే చర్చ. మార్చకుండా చేసేవాళ్లు మాత్రం చేతిని అంజలిగా కాక సలాముగానే పట్టాలి.

పూలు, దీపం, విగ్రహం

నిజమైన పూలు వాడేవాళ్లు జాగ్రత్తపడాలి. గులాబీ రేకులు తడిగా ఉంటాయి, తొక్కితే నలిగి అరికాలికి అంటుకుని జారుతాయి. తట్టడవు వేసే కాలు ఒక్కసారి జారితే మడమ మెలిక పడుతుంది. చేమంతుల పొడి రేకులు పది, పదిహేను దోసిట్లో చాలు. నీళ్లు చల్లి తెచ్చిన పూలను గంట ముందే గుడ్డ మీద ఆరబోయాలి. వాటిని వేదిక మీద వెదజల్లకుండా విగ్రహం పాదాల దగ్గర పళ్లెంలో వదిలితే సమర్పణా అవుతుంది, నేలా శుభ్రంగా ఉంటుంది. ప్రేక్షకుల వైపు చల్లడం ఫొటోకు బాగుంటుంది. కాని మైకు పెట్టెల్లో, వేదిక అంచు దీపాల మీద రేకులు పడతాయి, అలరిప్పు మొదలయ్యేలోపు ఎవరో చీపురుతో రావాల్సి వస్తుంది.

వాద్యబృందం నర్తకి కుడివైపు ఉంటే విగ్రహం ఎడమవైపు ముందు భాగంలో ఉంచాలి. అభినయదర్పణం కూడా తాళధారిని పాత్రకు కుడివైపే కూర్చోబెట్టింది. విగ్రహాన్ని నర్తకి పరిక్రమం గీతకు కనీసం రెండడుగులు బయట పెట్టకపోతే చీర విసనకర్ర మడతలు తగులుతాయి. దీపంలో నూనె సగానికి మించి పోయకూడదు. ఏసీ గాలి తిన్నగా తగిలితే వత్తి ఆరుతుంది. అది అపశకునం కాదు, గాలి దిశ చూడకపోవడం. సాంబ్రాణి పొగను చాలా హాళ్లు ఒప్పుకోవు, పొగ గుర్తించే యంత్రాలు మోగుతాయి. ముందే అడగాలి. ఏసీకి మృదంగం చర్మం బిగువూ మారుతుంది కాబట్టి, తెర లేవడానికి పది నిమిషాల ముందు వేదిక మీదే ఇంకోసారి శ్రుతి చూసుకోవాలి. భరతుడు పూజలో భాగంగా లెక్కపెట్టింది ఇలాంటి పనులనే.

కచేరీ ముగిసి మంగళం పాడాక చాలామంది చప్పట్లకు తలవంచి లోపలికి వెళ్లిపోతారు. మొదట్లో చేసిన భూమి నమస్కారాన్ని మళ్లీ ఒకసారి చేయాలి. అప్పటికి ఒళ్లు అలసి ఉంటుంది, ముళుమండి కష్టం, వేళ్లు వణుకుతాయి. ఆ రెండో నమస్కారంలో వెన్ను నిటారుగా ఉందా, లేచేటప్పుడు చెయ్యి తొడ మీదికి వెళ్లిందా అన్నది గురువు గజ్జెలు విప్పించే ముందు పక్కన నిలబడి చూడాలి.